చర్చనీయాంశం నేల మీద కూర్చోవాలి

స్వరూప టీచరు చాలా ఏళ్ళుగా ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతోంది. ఆ పుస్తకం మొత్తంలో ఆమెకు సులువైన పాఠం బానిసత్వ రద్దు. యుద్ధాల పాఠంలో సంవత్సరాలు గుర్తుండి చావవు. ప్రణాళికల పాఠంలో పిల్లలతోపాటు ఆమెకూ కునుకు వస్తుంది. ఈ పాఠంతో ఆ బాధ లేదు. సముద్రాల అవతల మనుషుల్ని కొని అమ్మేవాళ్ళు, అది ఉండాలా పోవాలా అని అక్కడి చట్టసభల్లో పెద్దమనుషులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, చివరికి పోయింది. ఇంత చెప్పి ఆమె కిటికీలోంచి ఊరి చివర మొండిగోడలుగా మిగిలిన పాత దొర గడీ వైపు చెయ్యి చూపించి, "మన దిక్కు దీన్నే వెట్టి అన్నరు" అనేది. పిల్లలు తలలు తిప్పి గడీ వైపు చూసేవాళ్ళు. గంట కొట్టేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం పాఠం మొదలుపెట్టకముందే ఉత్తర్వు వచ్చింది.

హెడ్మాస్టరు మనోహరాచారి విద్యాశాఖ నుంచి వచ్చిన కాగితాన్ని కూర్చుని చదవడు. జాతీయగీతానికి నిలబడ్డట్టు నిలబడి, చొక్కా సర్దుకుని చదువుతాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఆ భక్తి మరింత పెరిగింది. స్టాఫ్ రూములో అందరినీ కూర్చోబెట్టి ఆయన చదివాడు.

"చరిత్రలో ఏ చట్టసభయందైనను చర్చకు వచ్చిన ప్రతి అంశమును ఉభయ పక్షముల వాదనలతో సమతూకముగా బోధించవలెను. ఏ పక్షమునకును ఒక నిమిషమైనను అధికముగా కేటాయించరాదు. ఉపాధ్యాయుల స్వరము, చూపు, ముఖకవళికలు తటస్థముగా ఉండవలెను. చర్చ యొక్క తుది ఫలితమును వెల్లడించుట ఒక పక్షమును గెలిపించుటయే అగును గనుక అట్టి వెల్లడి నిషిద్ధము."

సైన్సు మాస్టారు ముందుగా ఊపిరి పీల్చుకున్నాడు. "భూమి గుండ్రంగున్నదా బల్లపరుపుగున్నదా అన్నది అసెంబ్లీల చర్చకు రాలేదు. నేను బతికిన" అన్నాడు.

స్వరూప చెయ్యెత్తింది. "సార్, అయితే బానిసత్వం పాఠం ఎట్ల చెప్పాలె? రద్దయిందని చెప్పొద్దా?"

మనోహరాచారి కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు. "చెప్పొద్దనే ఉన్నది టీచర్."

"పిల్లలు అడుగుతరు గద సార్, ఆఖరికి ఏమైందని."

"అడగనియ్యి. చర్చ జరిగిందని చెప్పు. అబద్ధం కాదు గద."

సందేహాలు తీర్చడానికి పదిరోజుల్లోనే పెద్దాయన వచ్చాడు. జిల్లా సమతూక పర్యవేక్షణాధికారి చిదానందం గారు. ఆ ఉద్యోగం కొత్తది, ఆయన కళ్ళద్దాలూ కొత్తవే. ఎడమవైపు కూర్చున్నవాళ్ళను ఎంతసేపు చూస్తాడో కుడివైపు వాళ్ళనూ అంతసేపే చూస్తాడు. ఇచ్చిన రెండు బిస్కెట్లలో ఒకటి తిని, ఒకటి వదిలేశాడు.

"ఇంతవరకు మన బోధనలో ఘోరమైన ఏకపక్షత చోటుచేసుకున్నది" అని మొదలుపెట్టాడు. "బానిసత్వము చెడ్డది, చెడ్డది అని చెప్పుకుంటూ పోవుటచే విద్యార్థిలో విమర్శనాత్మక చింతన మొద్దుబారినది. అవతలి పక్షము వారి ఆవేదనను ఎవరు వినిపించినారు?"

"అవతలి పక్షమంటే ఎవరు సార్?" అని స్వరూప అడిగింది.

"యజమానులు. రద్దు కోరినవారు ఒక పక్షము, కొనసాగింపు కోరినవారు ఒక పక్షము. రెండే."

"మరి బానిసలు ఏ పక్షం సార్?"

చిదానందం గారు ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ వెంటనే గుర్తొచ్చి, పక్కనున్న సైన్సు మాస్టారి వైపు కూడా అంతే జాలిగా చూశాడు. "వారు సభలో సభ్యులు కారు కదమ్మా. వారు ఏ పక్షమూ కారు. వారు చర్చనీయాంశము."

స్వరూప ఇంకో ప్రశ్నకు చెయ్యి ఎత్తబోయింది. కానీ ఆమెకు ఇంటి అప్పుంది, ఇంకా ఇద్దరు పిల్లల చదువుంది, పైగా ఆయన మాట వ్యాకరణపరంగా తప్పేమీ కాదు. తలూపింది.

పాఠం ఉత్తర్వు ప్రకారమే నడిచింది. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, అటు లాభాలు, ఇటు నష్టాలు రాయించింది. ముఖం తటస్థంగా ఉంచడం కోసం ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేసింది. పంటి నొప్పి ముఖానికీ తటస్థ ముఖానికీ పెద్ద తేడా లేదని కనిపెట్టింది. త్రైమాసిక పరీక్షలో ప్రశ్న పైనుంచే వచ్చింది: "బానిసత్వం వల్ల కలుగు లాభనష్టాలను సమానంగా వివరించుము. ఒక పక్షమే రాసినచో సగం మార్కులు కోత." రైసుమిల్లు వాళ్ళబ్బాయి లోహిత్‌కు లాభాలు ధారాళంగా వచ్చాయి. ఊరవతలి కాలనీ నుంచి వచ్చే నవనీత అనే పిల్ల ఎడమ గడిలో లాభాలు అని రాసి, కింద ఏమీ రాయలేదు. ఆ గడిని అలాగే ఖాళీగా వదిలేసింది. స్వరూప నిబంధన ప్రకారం సగం మార్కులు కోసి, ఎర్రపెన్ను మూత పెట్టి చాలాసేపు కూర్చుంది.

ఒకరోజు క్లాసు అయ్యాక నవనీత బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. తక్కువ మాట్లాడే పిల్ల.

"టీచర్, ఆఖరికి ఏమైంది?"

"ఏంది, ఆఖరికి?"

"వాళ్ళను ఇడిసిపెట్టిన్రా, లేదా?"

స్వరూప తటస్థంగా ముఖం పెట్టింది. "చెప్పొద్దని ఉత్తర్వు ఉన్నది బిడ్డా."

ఆ పిల్ల "సరే టీచర్" అని వెళ్ళిపోయింది. విడిచిపెట్టలేదనే అర్థం చేసుకుందని ఆ నడక చూస్తే తెలిసిపోతోంది.

అర్ధసంవత్సర పరీక్షలయ్యాక అసలు సంగతి మొదలైంది. చదివితే చాలదు, అనుభవించాలని శాఖ కనుగొంది. ప్రతి పాఠశాలలోనూ నమూనా చట్టసభ జరపాలి. మంచి సభను చూడటానికి రాష్ట్రం నుంచి సమతూక మండలి అధ్యక్షులు స్వయంగా వస్తారు. చిదానందం గారు ఏర్పాట్లు చూడటానికి మళ్ళీ దిగాడు.

"సభ్యులను ప్రతిభ ప్రాతిపదికన ఎంపిక చేయండి. ధారాళముగా మాట్లాడగలవారు రెండు పక్షములు. మిగిలినవారు..."

"చప్పట్లు కొడతరా సార్?" అని మనోహరాచారి అడిగాడు.

"చర్చనీయాంశముగా ఉంటారు."

ఎవరు ధారాళంగా మాట్లాడతారో చెప్పాల్సింది స్వరూపే. హాజరుపట్టీ ముందు పెట్టుకుని టిక్కులు పెడుతూ పోయింది. పెట్టడం అయ్యాక చూసుకుంటే, టిక్కు పడని వాళ్ళంతా కాలనీ పిల్లలే. అలా చేయాలని ఆమె అనుకోలేదు. ధారాళంగా మాట్లాడేవాళ్ళెవరని అడిగారు, ఆమె ధారాళంగా మాట్లాడేవాళ్ళను రాసింది. ఇంట్లో ఎవర్ని ఎంత మాట్లాడనిస్తారో ఆ లెక్కనే బడిలో మాట వస్తుందన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు.

రద్దు పక్షానికి నాయకుడు అభినయ్. ఎరువుల కొట్టు వాళ్ళ కొడుకు, గొంతు గంటలాంటిది. కొనసాగింపు పక్షానికి లోహిత్. అటు కుర్చీలు, ఇటు కుర్చీలు. మధ్యలో ఖాళీ నేల. చర్చనీయాంశం అక్కడ కూర్చోవాలి. సభ్యుల మీద చూపు పడకుండా తల కొంచెం వంచుకోవాలి. చర్చనీయాంశానికి మాట్లాడే హక్కు లేదు.

ప్రతి శనివారం సభ నడిచింది. లోహిత్ లేచి, "అధ్యక్షా, వీళ్ళకు మనం తిండి పెడ్తున్నం, నీడ ఇస్తున్నం. రద్దు చేస్తే ఎక్కడికి పోతరు?" అనేవాడు. అభినయ్ లేచి స్వేచ్ఛ గురించి మాట్లాడితే సైన్సు మాస్టారికి కూడా కళ్ళు చెమ్మగిల్లేవి. తర్వాత ఓట్లు వేసేవాళ్ళు. ఓట్లు సమానంగా రావాలి కనుక సమానంగానే వచ్చేవి. ఒకసారి పొరపాటున రద్దు పక్షానికి ఒక ఓటు ఎక్కువ పడింది. చిదానందం గారు ఫోనులోనే కంగారుపడి, సమతూకం దెబ్బతిన్నదని తిరిగి వేయించాడు.

నిర్ణయం రాలేదు కనుక సభ వాయిదా. నిర్ణయం వచ్చేదాకా ఏ సభలోనైనా ఉండేది యథాతథ స్థితి.

యథాతథ స్థితి ముందు చిన్నగానే మొదలైంది. సభ్యులు మాట్లాడి మాట్లాడి గొంతు ఆరిపోతే చర్చనీయాంశంలోంచి ఒకరు లేచి నీళ్ళు తెచ్చేవాళ్ళు. ఊరికే కూర్చున్నది వాళ్ళే కదా. సభ అయ్యాక కుర్చీలు సర్దేవాళ్ళు, హాలు ఊడ్చేవాళ్ళు. ఒక శనివారం చిదానందం గారు చూసి, "వాస్తవికతకు చాలా దగ్గరగా ఉన్నది" అని నోట్సు రాసుకున్నాడు. ఆ తర్వాత సోమవారం కూడా ఊడ్చారు. నిర్ణయం సోమవారమూ రాలేదు మరి. మాఘమాసం నాటికి గేటు దగ్గర సభ్యులు సంచులు దింపి ముందు నడిస్తే, వెనక కాలనీ పిల్లలు ఆ సంచులు మోసుకొచ్చేవాళ్ళు. అభినయ్ మొదట సూత్రప్రాయంగా ఒప్పుకోలేదు. చేతులు ఊపుతూ ఉపన్యాసం సాధన చేసి భుజం పట్టేశాక ఒప్పుకున్నాడు.

స్వరూప ఒకరోజు వరండాలో అతన్ని ఆపింది. సంచి నవనీత వీపు మీద ఉంది.

"నీ సంచి నువ్వు మోసుకోరాదారా?"

"అది మా పక్షం వాదన టీచర్" అన్నాడు అభినయ్ ఎంతో మర్యాదగా. "ఇంక పాస్ కాలే."

వాడు చెప్పింది పాఠం ప్రకారం సరైనదే. పరీక్షలో రాస్తే మార్కులు వేయాల్సిందే.

ఆ వారంలోనే నవనీత వాళ్ళమ్మ గంగవ్వ బడికి వచ్చింది. పత్తి ఏరడానికి పోతూ పోతూ దారిలో ఆగింది. నడుముకు ఒడి కట్టుకునే ఉంది. సరాసరి హెడ్మాస్టరు గదిలోకి వచ్చింది.

"సార్, నా బిడ్డ బడికి సదువనీకి వస్తున్నదా, ఊడ్వనీకి వస్తున్నదా?"

మనోహరాచారి లేచి నిలబడ్డాడు. శాఖ మాట చెప్పాలంటే ఆయనకు కూర్చుని నోరు రాదు. "అది అనుభవాత్మక అభ్యసనం అమ్మా. పాఠంల భాగమే. బానిసత్వమంటే ఏందో అనుభవంతోని తెలుసుకుంటది."

గంగవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "గిదే సదువు మా అత్త గూడ సదివింది సార్, దొర గడీల. బతుకంత సదివింది. సర్టిఫికెట్ ఇయ్యలే." గుమ్మం దగ్గర స్వరూప కనిపిస్తే ఆగింది. "నువ్వన్న జెప్పు టీచరమ్మా. నా బిడ్డ మాట్లాడదని కింద కూసోబెట్టిన్రట. కింద కూసోబెడితే మాటొస్తదా?"

స్వరూప ముఖం ఆరోజు తటస్థంగా నిలబడలేదు. ఇంటికి పోయాక కూడా ఆ ముఖం సర్దుకోలేదు.

అధ్యక్షుల వారు వచ్చే రోజు రానే వచ్చింది. హాలుకు రెండువైపులా ఒకే పొడవు మామిడి తోరణాలు. రెండువైపులా ఒకే సంఖ్యలో పూలకుండీలు, చిదానందం గారే లెక్కపెట్టించాడు. తెల్లారకముందే వచ్చి హాలు కడిగింది చర్చనీయాంశమే. ఇప్పుడు తలలు వంచుకుని మధ్యలో కూర్చుంది.

లోహిత్ బాగా మాట్లాడాడు. వాళ్ళ నాన్న రాసిచ్చినట్టున్నాడు, మిల్లు కూలీల సమస్యలు కూడా కొన్ని దొర్లాయి. అధ్యక్షుల వారు తల ఆడించాడు. తర్వాత అభినయ్ లేచాడు. ఆరోజు వాడి గొంతు మరీ ఖంగుమంది.

"అధ్యక్షా, ఎన్నాళ్ళీ చర్చ? మనుషులు మనుషుల ముందు తల వంచుకొని కూర్చోవడం చూస్తూ మనం ఎట్లా భరిస్తున్నాం? సోదరులారా, సోదరీమణులారా, లేవండి. ఎవరి నిర్ణయం కోసమూ ఎదురుచూడకండి. లేచి మీ దారిన మీరు నడవండి."

నవనీత తలెత్తి చూసింది. లేచింది. లంగా వెనక అంటిన దుమ్ము దులుపుకుంది. తలుపు వైపు నడిచింది. పక్కనున్న పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే లేచి వెనకాలే వెళ్ళారు.

హాలంతా చప్పట్లు మోగాయి. అధ్యక్షుల వారైతే నిలబడి కొట్టాడు. "అద్భుతమైన రూపకల్పన" అన్నాడు. చిదానందం గారు అది తన ఊహే అన్నట్టు నమస్కారం పెట్టాడు.

అభినయ్ ఉపన్యాసం ముగించి, నుదురు తుడుచుకుని, అలవాటుగా పక్కకు చెయ్యి చాచాడు. చేతిలోకి గ్లాసు రాలేదు. లోహిత్ కూడా దగ్గుతున్నాడు. ఎండ మొదలైన రోజులు. అధ్యక్షుల వారికీ దాహమైంది. చిదానందం గారు అటు చూశాడు, ఇటు చూశాడు. కుళాయి ఎక్కడుందని లోహిత్‌ను అడిగితే వాడికి తెలియదు. అభినయ్‌కి తెలియదు. అదే బడిలో ఎనిమిదేళ్ళుగా చదువుతున్న సభ్యులు ఒకరినొకరు అడిగి చూసుకున్నారు.

అప్పుడు అభినయ్ లేచాడు. గొంతు బొంగురుపోయింది. "అధ్యక్షా, చర్చనీయాంశం లేకుండా చర్చ ఎట్ల నడుస్తది? వాళ్ళను తిరిగి పిలిపించాలని ప్రతిపాదిస్తున్న."

"బలపరుస్తున్న" అన్నాడు లోహిత్.

చేతులెత్తమన్నారు. ఆ సభ మొదలైన నాటినుంచి మొట్టమొదటిసారి ఒక తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. చిదానందం గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సంపూర్ణ సమతూకము" అన్నాడు అధ్యక్షుల వారితో. తర్వాత స్వరూప వైపు తిరిగి, "అమ్మా, తమరు వెళ్ళి వారిని తోడ్కొని రండి. కొంచెము నీళ్ళు కూడా తెమ్మనండి" అన్నాడు.

పిల్లలు గ్రౌండు చివర గోడ నీడలో కూర్చుని చింతకాయ తింటున్నారు. టీచరును చూసి లేవబోయారు. ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలుసు. ఒకడు అప్పుడే చేతులు నిక్కరుకు తుడుచుకుంటున్నాడు, బిందె ఎత్తడానికి.

"కూసోండి" అంది స్వరూప. తనూ పక్కన ఒక రాయి చూసుకుని కూర్చుంది. నవనీత ఒక చింతకాయ విరిచి సగం ఇచ్చింది.

"నువ్వొకపారి అడిగినవ్ గద, ఆఖరికి ఏమైందని" అంది స్వరూప. "రద్దయింది."

నవనీత నములుతున్నదల్లా ఆగింది. "నిజంగనా?"

"నిజంగ. అక్కడా అయింది, ఇక్కడా అయింది. ఎప్పుడో అయింది." ఇంక ఆపబుద్ధి కాలేదు. సభల్లో పెద్దమనుషులు వాదించుకుంటున్నప్పుడు ఓడలు దిగి పారిపోయిన వాళ్ళ గురించి, రాత్రిళ్ళు కొండల్లో దాక్కున్న వాళ్ళ గురించి, చెరుకు తోటల్లో పనిముట్లు కింద పడేసిన వాళ్ళ గురించి చెప్పింది. తర్వాత గడీ గురించి చెప్పింది. వెట్టి ఇక చెయ్యం అని తిరగబడ్డ ఊళ్ళ గురించి చెప్పింది. చర్చలో ఎవరి పేర్లు లేవో వాళ్ళ గురించే అంతా. ఇన్నేళ్ళలో ఈ పాఠం ఇంతసేపు ఎప్పుడూ చెప్పలేదని ఆమెకు అప్పుడు తోచింది. ఎప్పుడూ గంట కొట్టేవాళ్ళు.

ఆమె ఎంతకీ రాకపోయేసరికి మనోహరాచారిని పంపారు. ఆయన ఆయాసపడుతూ వచ్చి, కాస్త దూరంలో నిలబడిపోయాడు. పిల్లలు నేల మీద, టీచరు రాయి మీద. ఎవరి తలా వంగి లేదు. ఆయనకు పిల్లల్ని లెమ్మనడానికి మనసొప్పలేదు, ఉత్త చేతులతో తిరిగి పోవడానికి ధైర్యం లేదు. కాసేపు అటూ ఇటూ తచ్చాడి, కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందె కడిగి, నింపి, మొలలో ధోవతి బిగించుకుని తనే భుజానికెత్తుకున్నాడు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో హెడ్మాస్టరు గారు బిందె మోయడం ఆ బడి చూడలేదు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. చిదానందం గారు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా స్వరూప, నవనీత.

"తుది ఫలితమును వెల్లడించినారా?" అని స్వరూపను అడిగాడు.

"చెప్పిన సార్."

ఆయన రాసుకుని నవనీత వైపు తిరిగాడు. "అమ్మాయీ, సభ ఇంకను నిర్ణయము తీసుకొనలేదు. అభినయ్ చెప్పినది కేవలము వాదన. మరి నీవు ఎవరి అనుమతితో లేచి వెళ్ళినావు?"

నవనీత నిజంగానే ఆలోచించింది. ఆ రోజు హాలును ఒకసారి మనసులోకి తెచ్చుకున్నట్టుంది.

"ఎవల్ని అడగాలె సార్? అందరు మా గురించి మాట్లాడుకుంట ఉండిరి."

మనోహరాచారి ఫ్యాను వైపు చూశాడు. స్వరూపకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఫలితం వెల్లడించినందుకు మెమో రాలేదు. ఆ నేరం రుజువు చేయాలంటే ఫలితం ఏమిటో ఫైలులో రాయాలి, అది నిషిద్ధం. విచారణ సమయంలో ఒక పక్షం వైపు నవ్వినందుకు ముఖకవళికల నిబంధన కింద ఆమెను జిల్లా ఆ చివరి మండలానికి బదిలీ చేశారు. నమూనా చట్టసభలు ఆపేశారు. నీటి వసతి సరిపోవడం లేదన్నది కారణం.

మరుసటి ఏడు కొత్త పుస్తకాలు వచ్చాయి. బానిసత్వ రద్దు పాఠం అందులో లేదు. రెండు పక్షాలనూ సమానంగా తీసేశారు కనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మిగిలిపోయిన ఆ పీరియడ్లలో ఏం చెప్పాలో ఏ ఉత్తర్వూ రాలేదు. బదిలీ అయి వెళ్ళిన ఊళ్ళో స్వరూప టీచరు తలుపు దగ్గరికి వేసి పాఠం చెబుతుంది. ఫలితం ముందే చెప్పేస్తుంది.